కవరులో లేని లోపం

ఇంజిన్ ఎందుకు స్టార్ట్ కావడం లేదో సరిగ్గా చెప్పినందుకు మా బాబాయిని పరీక్షలో ఫెయిల్ చేశారు. తప్పు చెప్పి ఫెయిలైనవాళ్లను చాలామందిని చూశాను, వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఒప్పు చెప్పి ఫెయిలైన మనిషిని చూడటం మాత్రం అదే మొదలు. ఆయన పక్కనే కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు జవాబు పత్రంలో రాసింది నేనే కాబట్టి ఆ ఫెయిల్‌లో నాకూ కొంత వాటా ఉంది.

బాబాయి అంబులెన్సుల డిపోలో మెకానిక్కు. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఆ డిపోలో సూపర్‌వైజర్లు మారారు, పైకప్పు రేకులు మారాయి, బళ్లు మూడు తరాలు మారాయి. శాశ్వతంగా నిలిచింది బాబాయి తాత్కాలికం ఒక్కటే. డిపో వెనక గోడనానుకుని రెండు గదులిచ్చారు. ఒక గదిలో పిన్ని కుట్టుమిషను, రెండో గదిలో మిగతా సంసారం. ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ గదులు.

డిపోలో ఆయన్ని 'ప్లీడరు' అంటారు. బండి స్టార్ట్ కావడం లేదని డ్రైవరు వస్తే అందరిలా బానెట్ ఎత్తడు. డ్రైవర్ని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలు మొదలుపెడతాడు.

"ఎప్పుడాగింది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?"

"పొద్దున్న."

"తాళం తిప్పితే టక్‌మందా, గిర్రుమందా, అసలేమీ అనలేదా?"

"ఏదో అంది."

"ఆ ఏదో ఏంటో అనిచూపించు."

చచ్చినట్టు ఆ డ్రైవరు పదిమందిలో నిలబడి నోటితో ఇంజిన్ చప్పుడు చెయ్యాలి. చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వుతారు. బాబాయి మాత్రం నవ్వడు. కళ్లు మూసుకుని వింటాడు. ఒక్క టక్కు అయితే బ్యాటరీ తీగలు చూడాలి. గిర్రున తిరిగి అంటుకోకపోతే పెట్రోలు రావట్లేదు, లేదా నిప్పురవ్వ రావట్లేదు. ఏ చప్పుడూ లేకపోతే స్టార్టరుదాకా కరెంటే పోవట్లేదు. ఇంత తేలాకగానీ స్పానరు చేతిలోకి తీసుకోడు.

ఒకసారి డిపో అధికారి సొంత కారు మొరాయించింది. కొత్త బ్యాటరీ వేశారు, స్టార్టరు విప్పి బిగించారు. బాబాయిని పిలిస్తే వెళ్లి, "ఈమధ్య కారులో కొత్తగా ఏం పెట్టించారండీ?" అన్నాడు. ఏమీ లేదన్నాడు అధికారి. కొత్త కార్పెట్లు వేయించామంది వాళ్లావిడ. క్లచ్ పూర్తిగా తొక్కితేగానీ స్టార్ట్ కాని రకం కారది. మందపాటి కార్పెట్టు ముడతపడి పెడల్ కింద ఇరుక్కుంది. బాబాయి వంగి దాన్ని లాగేశాడు. కారు స్టార్టయింది. అధికారి మొహం మాడిపోయింది. పెద్ద జబ్బేదో ఉందని ఊరంతా చెప్పుకున్నాక అది కార్పెట్టని తేలితే ఎవరికైనా కష్టమే.

ఆ సాయంత్రం సూపర్‌వైజరు బాబాయిని పక్కకి పిలిచాడు. "నీకు తెలిస్తే తెలిసిందిలేవయ్యా. మర్యాదకైనా ఒక అరగంట బానెట్ ఎత్తి నిలబడొచ్చుగా!"

"అక్కడేం లేదుగా సార్, నిలబడి ఏం చెయ్యను?"

ఈ ఒక్క గుణం చాలు, మనిషి పదకొండేళ్లు తాత్కాలికంగా ఉండిపోవడానికి.

పోయినేడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పెట్రోలు ఇంజిన్ లోపాలు కనిపెట్టడంలో పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోని తాత్కాలిక మెకానిక్కులను సంవత్సరాంతానికి తీసేస్తారు. రెండే అవకాశాలు. బాబాయికి నలభై తొమ్మిది నిండాయి. ఆ వయసులో ఇంకో షెడ్డులో కొత్తగా చేరి పని చేస్తానంటే ఎవరూ రానివ్వరు. రాయడం చేతకానివాళ్లు రాసేవాణ్ణి వెంట తెచ్చుకోవచ్చని ఉత్తర్వులోనే ఉంది. చదువుకుని ఖాళీగా ఉన్నవాణ్ణి మా ఇంట్లో వెతకనక్కర్లేదు.

పరీక్ష శిక్షణ కేంద్రంలో పెట్టారు. పెద్ద హాలు, అందనంత ఎత్తులో కిటికీలు. మధ్యలో ఇనుప స్టాండు మీద కారు, అదీ ముందు సగమే. వెనక సగం కోసేశారు. చక్రాల్లేవు, తలుపుల్లేవు. ఇంజిన్, స్టీరింగు, ఒక సీటు, పంపు మునిగి ఉన్న పెట్రోలు డబ్బా, గోడ పక్కన బ్యాటరీ. గోడ వెంట బెంచీల మీద పాతికమంది అభ్యర్థులు వంతు కోసం కూర్చున్నారు.

పరీక్ష పెట్టేది ఆ కేంద్రంలో పెద్ద మాస్టారు. చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలుంటుంది, దేన్ని చూపించాలన్నా దాంతోనే చూపిస్తాడు. అందుకని అందరూ స్కేలు సారంటారు. ఆయన చేతికి గ్రీజు అంటగా చూసినవాళ్లు లేరు.

పద్ధతి ఇది. స్కేలు సారు ముందే ఇంజిన్‌లో ఒక లోపం పెట్టి, అదేమిటో కాగితం మీద రాసి, కవరులో వేసి సీలు వేస్తాడు. అభ్యర్థి రాగానే ఒక్కసారి తాళం తిప్పి, స్టార్ట్ కావడం లేదని చూపిస్తాడు. నలభై నిమిషాల్లో లోపం పట్టుకుని సరిచేసి, చేసినవన్నీ పన్నెండు గడుల్లో వరసగా నింపాలి. చివరి గడి పేరు 'ఫలితం'. హాలు పొగతో నిండుతుందని ఇంజిన్‌ని నిజంగా స్టార్ట్ చెయ్యనివ్వరు. అంచేత ఆ గడిలో 'ఇంజిన్ స్టార్ట్ అవుతుంది' అని రాసి సంతకం పెడితే చాలు.

మా వంతు వచ్చింది. స్కేలు సారు తాళం తిప్పాడు. స్టార్టరు తిరిగింది, ఇంజిన్ అంటుకోలేదు.

బాబాయి తల పక్కకి వంచాడు. "ఇంకొక్కసారి తిప్పుతారా సార్?"

"ఒక్కసారే. రూలు."

బాబాయి నా చెవి దగ్గరికి వంగాడు. "మీ పిన్ని గుడ్డ పెట్టకుండా మిషను తొక్కితే ఎలా ఉంటుందో అలా ఉందిరా. ఇంజిన్‌లో గాలి నొక్కుకుంటున్నప్పుడు స్టార్టరుకి బరువు తగలాలి, ఆగి ఆగి మూలగాలి. ఇది హాయిగా తిరుగుతోంది."

ఫ్యూజుల పెట్టె మూత తీశాడు. నిమిషం పట్టలేదు. పెట్రోలు పంపు ఫ్యూజు లేదు. పెట్టాడు. తాళం సగం తిప్పితే డబ్బాలో పంపు రెండు క్షణాలు జుమ్మని ఆగింది. స్కేలు సారు సంతోషంగా తలూపాడు.

"శభాష్. రాసెయ్యి, స్టార్ట్ అవుతుందని."

"అవదండీ."

"ఏంటి?"

"ఫ్యూజు దొరికింది. అయినా ఇది స్టార్ట్ అవదు సార్."

బాబాయి ఇంజిన్ పైన ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. కింద పెద్ద చక్రానికి స్పానరు తగిలించి చేత్తో తిప్పాడు. "చూడండి సార్. కింద తిరుగుతోంది. పైన ఈ కడ్డీ కూడా దాంతోపాటు తిరగాలి. తిరిగితేనే వాల్వులు తెరుచుకుంటాయి. ఇది కదలట్లేదు. రెంటినీ కలిపే టైమింగ్ బెల్టు తెగిపోయింది. ఇప్పుడు కాదు, చాలా ఏళ్లయింది. మూతలో తుప్పు చూడండి."

బెంచీల మీద పాతికమందీ మెడలు చాచారు. స్కేలు సారు స్కేలుతో కవరు మీద కొట్టాడు.

"ఇదిగో, లోపం ఇందులో ఉంది. ఇందులో ఉన్నదే లోపం. ఇంకో లోపం లేదు."

"కవరులో లేదండీ, ఇంజిన్‌లో ఉంది."

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే మా కొంప ముంచింది. పన్నెండో గడిలో ఏం రాయమంటావన్నట్టు చూశాను. బాబాయి చెప్పాడు, నేను రాశాను: 'బెల్టు మార్చేవరకు ఇంజిన్ స్టార్ట్ కాదు.'

వారానికి ఫలితం వచ్చింది. 'ఇంజిన్ స్టార్ట్ కాదని అభ్యర్థే స్వయంగా ఒప్పుకున్నందున, లోపాన్ని సరిచేయడంలో విఫలుడు.' వాదనలో వంక పెట్టడానికేమీ లేదు. ఆ కేంద్రంలో ఎనిమిదేళ్లుగా ఏడాదికి రెండు జట్లు అదే ఫ్యూజు కనిపెట్టి, అదే పంపు చప్పుడు విని, చచ్చిన ఇంజిన్ స్టార్ట్ అవుతుందని రాసి సంతకాలు పెట్టి పాసయ్యాయి. కవరు మాత్రం ప్రతిసారీ కొత్తదే. బాబాయికి మర్యాద నేర్పిన సూపర్‌వైజరు కూడా ఆ ఇంజిన్ మీదే పాసయ్యాడు. బాబాయి చెప్పింది నిజమైతే ఆ సర్టిఫికెట్లన్నీ ఏమవుతాయి? అందుకని అది నిజం కాకుండా పోయింది.

నేను ఊరుకోలేదు. దొరికిన పుస్తకమల్లా చదివి పోగేసుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ దించి, నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పై ఆఫీసుకి పంపాను. నెల తర్వాత జవాబొచ్చింది. 'సదరు ఇంజిన్ పరీక్షకు పూర్తిగా యోగ్యమైన స్థితిలో ఉన్నట్లు సంబంధిత అధికారి ధ్రువీకరించారు.' సంబంధిత అధికారి స్కేలు సారే. నా నాలుగు పేజీలు నేరుగా ఆయన బల్ల మీదికే వెళ్లాయన్నమాట. బాబాయికి నేను చేసిన సాయం ఇది.

రెండో పరీక్ష ఇంకో పదిరోజులుందనగా పిన్ని నన్ను పిలిపించింది. బాబాయి ఇంట్లో లేడు. అప్పటికి రెండు ఆదివారాలుగా ఎక్కడికో పోతున్నాడట, చెప్పడట. మిషను మీద ఎవరిదో స్కూలు చొక్కా ఉంది. పాదం ఆపకుండా మాట్లాడింది.

"ఒరేయ్, ఈసారి ఆయన చెప్పింది రాయకు."

"మరేం రాయను?"

"రాయాల్సింది రాయి. అందరూ ఏం రాశారు?"

"స్టార్ట్ అవుతుందని."

"అదే రాయి."

"బాబాయి చదువుతాడు పిన్నీ."

"వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కునేసరికి గంట కొట్టేస్తారు. చదవమంటే నువ్వు చదివి వినిపించు, ఆయన చెప్పినట్టే చదువు. నోటితో చదవడానికి కాగితం మీద అదే ఉండక్కర్లేదుగా." పాదం ఆగింది. "పదకొండేళ్లు ఆయన నిజాలు విన్నానురా. బాగానే ఉన్నాయి. ఈ గదులు ఖాళీ చేయమంటే ఆ నిజాలు ఎక్కడ పెట్టుకోను? ఈ మిషను ఎక్కడ పెట్టుకోను?"

సరేనన్నాను. న్యాయం గురించి నాలుగు పేజీలు రాసినవాణ్ణి, నాలుగు నిమిషాలు కూడా తర్జనభర్జన పడలేదు.

పరీక్ష రోజు స్కేలు సారు మమ్మల్ని చివరిదాకా కూర్చోబెట్టాడు, పరీక్ష అయిపోయినవాళ్లను కూడా బెంచీల మీంచి కదలనివ్వలేదు. మా వంతు వచ్చేసరికి ఆయన మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"రావయ్యా! ఈసారి ఎన్ని పేజీలు రాయిస్తావ్?"

"పన్నెండు గళ్లేనండీ," అన్నాడు బాబాయి.

స్కేలు సారు తాళం తిప్పాడు. ఇంజిన్ అంటుకోలేదు. కానీ ఆ చప్పుడు నాక్కూడా తేడాగా వినిపించింది. ఆగి ఆగి మూలిగినట్టుంది. స్కేలు సారుకి అలాంటిదేమీ వినపడలేదు. తాళం తిప్పడం ఆయన పని, వినడం కాదు.

బాబాయి బ్యాటరీ చూశాడు, తీగలు చూశాడు, ఫ్యూజుల పెట్టె తీశాడు. మళ్లీ అదే ఫ్యూజు. పెట్టాడు, పంపు జుమ్మంది. ఒక్కొక్క గడీ చెప్పాడు, రాశాను. పన్నెండో గడి వచ్చింది. పిన్ని చెప్పిన అబద్ధాన్ని మనసులో సిద్ధం చేసుకుంటున్నాను.

"రాయరా," అన్నాడు బాబాయి. "ఇంజిన్ స్టార్ట్ అవుతుంది."

కలం ఆగిపోయింది. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. నేను అబద్ధం ఆడితే ఒక లెక్క, ఆయన ఆడటం ఒక లెక్క. ఆయన్ని కూడా వంచేశారే అనుకున్నాను. రాశాను. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని, సంతకం పెట్టాడు.

స్కేలు సారు కాగితం అందుకుని, పెద్దగా చదివి, బెంచీలవైపు తిరిగాడు.

"విన్నారా? మూడు నెలల క్రితం ఈయనే ఈ ఇంజిన్ చచ్చిందన్నాడు. పై ఆఫీసుదాకా ఎక్కాడు. ఇవాళ స్టార్ట్ అవుతుందని సంతకం పెట్టాడు. ఏమయ్యా, మధ్యలో మంత్రమేసి బతికించావా? లేకపోతే అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

"ఇప్పుడు స్టార్ట్ అవుతుందండీ."

"అవుతుందా? రూలు పక్కన పెడుతున్నాను. అందరూ చూడండి, ఈ మనిషి అబద్ధం!"

ఆ క్షణంలో హాలు మొత్తంలో ఒకరికీ తట్టని సంగతేమిటంటే, బాబాయి ఇప్పుడు అబద్ధమాడాడని నిరూపించాలంటే అప్పుడు నిజం చెప్పాడని స్కేలు సారు నమ్మి తీరాలి. ఎనిమిదేళ్లుగా స్టార్ట్ అవుతుందని తాను పాస్ చేసిన ఇంజిన్ స్టార్ట్ కాదని ఆయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజిన్ ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, భళ్లున అంటుకుంది.

పొగగొట్టం కూడా కోసేసిన బండి అది. హాలు దద్దరిల్లిపోయింది. ఎనిమిదేళ్ల దుమ్ము, తుప్పు, సాలెగూళ్లు కలిసి నల్లటి పొగ లేచింది. అభ్యర్థులు దగ్గుతూ గుమ్మంవైపు పరిగెత్తారు. స్కేలు సారు స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఆ సగం కారు తనని ఎక్కడికో తీసుకుపోతున్నట్టు గుడ్లప్పగించి కూర్చున్నాడు. కింద పడ్డ స్కేలు స్టాండు మీద గలగలమని ఎగురుతోంది.

బాబాయి మెల్లగా వెళ్లి, చెయ్యి చాపి తాళం వెనక్కి తిప్పాడు.

"ఎక్కువసేపు వద్దు సార్. రేడియేటర్లో నీళ్లు పోయలేదు."

బయటికొచ్చాక చొక్కా పట్టుకుని అడిగినంత పని చేశాను. అప్పుడు చెప్పాడు. ఆ కేంద్రం స్టోరు కీపరుకి ఒక పాత కారుంది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ బంకులోనే ఆగిపోతుంది, మిగతా రోజుల్లో బంగారం. పాపం ఆయన ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, పెట్రోలు మంచిది కాదని మూడు బంకులు కూడా మార్చాడు. బాబాయి రెండు ప్రశ్నలు అడిగి, ట్యాంకులో ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే చిన్న వాల్వు మూసుకోకుండా బిగిసిపోయిందని తేల్చాడు. ట్యాంకు నింపినప్పుడల్లా ఆవిరి ఎక్కువై ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతోంది. కొత్త వాల్వు వేసిచ్చాడు. ఏం కావాలో అడగమన్నాడు స్టోరు కీపరు. ఆదివారం హాలు తాళం తెరవమన్నాడు బాబాయి.

మొదటి ఆదివారం విప్పి చూశాడు. ఆ రకం ఇంజిన్‌లో బెల్టు తెగినా వాల్వులు వంగవు, అదొక్కటే కలిసొచ్చింది. పాత సామాన్ల వీధిలో వారమంతా తిరిగి సరైన కొలత బెల్టు పట్టుకొచ్చి రెండో ఆదివారం వేశాడు. డబ్బాలో పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు.

"ఇదంతా ఎందుకు బాబాయ్? ఊరికే ఆ ముక్క రాయిస్తే పోయేదిగా?"

"కానిదాన్ని అవుతుందని ఎలా రాయించను?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

"పిన్ని నన్ను..."

"తెలుసులే. నువ్వు రాస్తున్నంతసేపూ నీ మొహం చూశాను. బ్యాటరీ సగం దిగిన బండిలా ఉన్నావ్."

బాబాయి పాసయ్యాడు. పాస్ చెయ్యక స్కేలు సారుకి దారి లేదు, పాతికమంది పొగ మింగారు. సర్టిఫికెట్‌ను పిన్ని మిషను పైన గోడకి తగిలించింది. గదులు నిలిచాయి. ఉద్యోగం ఇప్పటికీ తాత్కాలికమే, కాకపోతే సర్టిఫికెట్ ఉన్న తాత్కాలికం.

స్కేలు సారుకి మాత్రం అంతకన్నా బాగా కలిసొచ్చింది. నెలకే తనిఖీ బృందం వచ్చింది. మిగతా కేంద్రాలన్నింట్లో పరీక్ష ఇంజిన్లు చచ్చి పడున్నాయట, తాళం తిప్పితే నడిచింది ఇదొక్కటేనట. ఎనిమిదేళ్లుగా పరికరాన్ని కంటికి రెప్పలా కాపాడినందుకు ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని నకలు నోటీసు బోర్డు మీద చూసి, రక్తం మరిగిపోయి, పోయిన శనివారం డిపోకి వెళ్లాను.

బాబాయి ఒక వ్యాను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడాను. ప్రశంసాపత్రం సంగతి మొత్తం చెప్పాను. "వాళ్ల అబద్ధానికి నువ్వే బెల్టు వేసిపెట్టావ్ బాబాయ్. ఇంక ఎవడికీ ఎప్పటికీ తెలీదు. ఆ ఇంజిన్ అలాగే చచ్చి ఉంటే తనిఖీలో దొరికిపోయేవాడు," అన్నాను. చాలాసేపు అన్నాను.

వ్యాను కిందనుంచి స్పానరు చప్పుడు ఆగింది.

"ఇప్పుడు దాన్ని నడుపుతున్నారా?"

"ఎవడు నడుపుతాడు? స్కేలు సారు దాని చుట్టూ అద్దం బిగించి, స్టార్ట్ చేయరాదని బోర్డు పెట్టాడు."

బాబాయి బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. నా గోలంతా వింటున్నంతసేపూ రాని దిగులు అప్పుడొచ్చింది ఆయన మొహంలోకి.

"వారానికోసారైనా నడపాలిరా. పెట్రోలు పాడైపోతుంది. పోనీ అది పోతే మళ్లీ పోసుకుంటారు. బెల్టు సంగతి అలా కాదు. అది రబ్బరు, తిరిగినా తిరక్కపోయినా అయిదేళ్లకి ఎండిపోయి బీటలిస్తుంది. మార్చాల్సిందే. మూత లోపల ఉంటుంది, పైకి కనపడదు. అయిదేళ్లయ్యాక ఆ సంగతి వాళ్లకి ఎవడు చెప్తాడ్రా?"